పత్తిరైతు కొడుకు చలికోటు

విదేశాలలో చదువుకు బయలుదేరే పిల్లవాడి పెట్టె సర్దడం తెలుగువారి ఇళ్లలో పెద్ద హడావుడి. అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుల సంవత్సరం సాధారణంగా ఆగస్టు చివర మొదలవుతుంది. కాబట్టి ఈ సన్నాహమంతా జూలై ఉక్కపోతలో, తిరుగుతున్న ఫ్యాను కింద సాగుతుంది. విమానంలో అనుమతించే 23 కిలోల పెట్టెలు రెండింటిలో ఆవకాయ, కందిపొడి, కుక్కరు, జ్వరం మాత్రలు, పుస్తకాలు ఒక్కొక్కటే చోటు సంపాదించుకొంటాయి. తూచి, ఎక్కువైనదాన్ని తీసి, మళ్లీ తూచి, చివరకు మిగిలిన మూలలో తల్లి ఒక స్వెట్టరును కుక్కుతుంది. రాబోయే శీతకాలానికి ఆ ఇంట జరిగే ఏర్పాటు అంతే. అందులో వారి తప్పేమీ లేదు. చెమటలు కారుతున్న మనిషి చలిని ఊహించలేడు.

పైగా తెలుగుభాష పుట్టి పెరిగిన నేల వేడినేల. ఎండ, సెగ, ఉక్క, వడగాలి, వడదెబ్బ అంటూ వేడిమిలోని తేడాలకు మనవారు వేరువేరు మాటలు కల్పించుకొన్నారు. చలి దగ్గరకు వచ్చేసరికి ఆ సంపద తగ్గిపోతుంది. తెల్లవారుజామున గడ్డిపరకపై నిలిచే బిందువూ మంచే, ఎదుటి మనిషిని కనపడనీయని తెల్లటి పొగా మంచే, హిమాలయ శిఖరాలపై పేరుకొనేదీ మంచే. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో ఏ డిసెంబరు రాత్రో ఉష్ణోగ్రత సున్నాకు చేరువైతే అది పత్రికలకు వార్త. ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరు కూడా ఉంది. ఆరుబయట నిలిచినవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. మనకు తెలిసిన చలికి అది పొలిమేర. ఆ పొలిమేరకు అవతల నాలుగైదు నెలలు గడపవలసిన విద్యార్థికి మాత్రం పొడిగా రాలే మంచు, మీద పడగానే కరిగి తడిపే మంచు, నేలపై అద్దంలా పరుచుకొని కాలు జార్చే మంచు వేరువేరు. ఒకదానికి పనికివచ్చే జోడు మరొకదానికి పనికిరాదు.

వేడి దేశపు విద్యార్థి చలి దేశంలో బట్టల దగ్గర తడబడడం కొత్త సంగతి కాదు. 1888 సెప్టెంబరులో బారిస్టరు చదువుకోసం బొంబాయిలో ఓడ ఎక్కిన గాంధీజీ తమ ఆత్మకథలో అటువంటి ఘట్టాన్ని దాపరికం లేకుండా చెప్పుకొన్నారు. ఓడలో ఉన్నన్నాళ్లు నల్లసూటు ధరించి, తెల్లని ఫ్లానెల్ దుస్తులను ఇంగ్లండులో దిగేనాటికని ఆయన ప్రత్యేకంగా దాచుకొన్నారు. నేలపై అడుగుపెట్టే వేళ తెల్లబట్టలే శోభనిస్తాయని, పందొమ్మిదేళ్లు ఇంకా నిండని ఆ యువకుని నమ్మకం. తీరా చూస్తే అవి సెప్టెంబరు చివరి రోజులు. రేవులో అటువంటి బట్టలు వేసుకొన్నవాడు తానొక్కడే. ఇతరులను చూసి తానూ పెట్టెలను తాళంచెవులతో సహా ఒక సంస్థ ప్రతినిధికి అప్పగించారు. మరునాడు ఆదివారం కనుక సామాను చేతికి రాదని హోటలుకు వెళ్లిన తరువాత తెలిసింది. ఆ పుటల్లో చలి ప్రస్తావన కంటే సిగ్గు ప్రస్తావనే ఎక్కువ. ఆ తరువాత కొంతకాలం ఆయన పందొమ్మిది షిల్లింగుల టోపీ, పది పౌనుల సాయంకాలపు సూటు కొని నాగరికునిగా కనిపించాలని ఉబలాటపడ్డారు. ఖర్చులు లెక్క చూసుకొని ఆ ఉబలాటాన్ని మానుకొన్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితంలో బట్ట మరొక విధంగా అడ్డుపడింది. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్స శిక్షణలోనూ ఖద్దరు దుస్తులే. ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. ఆ తరువాత 1920ల ఆరంభంలో ఆయన అమెరికా చేరి బోస్టన్ నగరంలో, హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివారు. ఖర్చులకోసం ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పని చేశారు. బోస్టన్ శీతకాలం ఎవరి నిష్ఠనూ మన్నించేది కాదు. సిగ్గు, అభిమానం, చేతిలో పైకం తక్కువ కావడం అనే మూడూ నేటి విద్యార్థికీ తప్పలేదు. అదనంగా బ్యాంకు అప్పు వచ్చి చేరింది.

పాలమూరు ప్రాంతపు పత్తిరైతు కొడుకు ఒకడు ఇంజనీరింగు ముగించి, అటువంటి అప్పుతోనే మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ నగరానికి వెళ్లాడు. ఆగస్టులో దిగిననాడు అక్కడా ఎండే. సరస్సుల ఒడ్డున జనం చేతులులేని చొక్కాలతో తిరుగుతున్నారు. చలిదేశమన్నారే, ఇదేమిటని అతడు ఇంటికి ఫోను చేసి నవ్వాడు కూడా. అక్టోబరులో ఆకులు ఎర్రబడి రాలిపోయాయి. తోటివారు కోట్లు కొనుక్కొన్నారు. అతడు కూడా దుకాణానికి వెళ్లి ఒక కోటును పట్టి చూశాడు. ధర రెండువందల డాలర్లు. అలవాటుగా మనసులోనే దాన్ని రూపాయల్లోకి మార్చుకొన్నాడు. రూపాయలను పత్తి క్వింటాళ్లలోకి మార్చుకొన్నాడు. రెండు క్వింటాళ్లకు పైమాటే తేలింది. కోటును కొంకెకు తగిలించి వచ్చేశాడు. ఉన్న బట్టలే ఒకదానిమీద ఒకటి వేసుకొంటే చాలదా అనుకొన్నాడు. ఈ లెక్క తెలివితక్కువది కాదు. అప్పు తీర్చవలసిన ఇంటి బిడ్డ వేయవలసిన లెక్కే అది. అయితే లెక్కలో ఒక అంకె తప్పింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం తడిమంచు కురిసింది. అతని ఒంటిమీద నూలు బనీను, నూలు చొక్కా, దానిపై తల్లి పెట్టిన స్వెట్టరు, అన్నిటికీ పైన జీన్సు గుడ్డతో కుట్టిన జాకెట్టు, కింద జీన్సు పాంటు. అరగంట నడిచి తరగతికి చేరేసరికి పాంటు మోకాళ్ల దాకా నానింది. జాకెట్టు భుజాలు బరువెక్కాయి. తరగతి గది వెచ్చగా ఉండటంతో లోపలి చొక్కా చెమటకు తడిసింది. సాయంకాలానికి ఉత్తరపు గాలి తిరిగింది. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన పది డిగ్రీలకు జారింది. ఇంటిదారిలో పాంటు అట్టముక్కలా బిర్రబిగిసింది. గదికి చేరి అద్దంలో చూసుకొంటే చెవుల కొనలు తెల్లబడి ఉన్నాయి. తాకితే తెలియడంలేదు. కంగారుగా వాటిని రుద్దబోయాడు. గదిలో ఉండే సీనియరు, గుంటూరు ప్రాంతపు యువకుడు, చేయి పట్టుకొని ఆపాడు. చలికి మొద్దుబారిన చర్మాన్ని రుద్దితే గాయమవుతుంది. అతడు గోరువెచ్చని నీటిలో గుడ్డ ముంచి మెల్లగా చెవులకు కాపడం పెట్టాడు. ప్రాణం లేచివచ్చినప్పుడు పుట్టిన మంట రెండురోజులు ఉండి తగ్గింది.

"తమ్ముడూ, స్వెట్టరు మినహా నీ ఒంటిమీద ఉన్నదంతా పత్తేనయ్యా. చలిలో తడిసిన పత్తిని మించిన శత్రువు లేదు" అన్నాడు సీనియరు.

పత్తిరైతు కొడుకుకు ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అతని చదువు పత్తిమీదనే సాగింది. పుట్టినది మొదలు అతడు తొడిగిన బట్ట పత్తితో నేసినదే. వేసవిలో చెమటను పీల్చి, గాలికి ఆరుతూ ఒంటిని చల్లబరచడమే నూలుబట్ట గొప్పతనం. ఆ గుణమే చలిదేశంలో దోషంగా మారుతుంది. ఏ బట్టా తనంతట తాను వేడిని పుట్టించదు. వేడి పుట్టేది ఒంటిలోనే. పోగుల నడుమ చిక్కుకొని కదలకుండా నిలిచిన గాలి ఆ వేడిని బయటికి పోనీయదు. బట్ట చేసే పనంతా ఆ గాలిని నిలబెట్టడమే. నూలు తడిసినప్పుడు ఆ ఖాళీలలో గాలికి బదులు నీరు చేరుతుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. చలిప్రాంతాల పర్వతారోహకులు నూలుబట్టను ప్రాణాంతకంగా భావించడానికి ఇదే కారణం.

ఉన్ని సంగతి వేరు. ఉన్ని పోగు తన బరువులో మూడోవంతుకు దగ్గరగా తేమను లోపలికి పీల్చుకొని కూడా తడి తెలియనీయదు. వంకరలు తిరిగిన ఆ పోగులు తడిసినా అంతగా అణగిపోవు, గాలిని అంత తొందరగా వదులుకోవు. ఈ విషయం చెప్పడానికి అమెరికా పండితుడు అవసరం లేదు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని కప్పుకొని, ఆ యువకుని తాత వానజల్లులోనూ చేనికి రాత్రికావలి కాసేవాడు. నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించడం వారి పద్ధతి. అది నేతను బిగించి వాననీటిని తొందరగా లోపలికి దిగనీయదు. లోపల ఉన్ని, పైన నీటిని ఆపే పూత. కొత్తగా ముద్రించిన దుకాణాల పత్రాలు పొగడేదీ ఈ ఏర్పాటునే. మనవారికి గొంగడి ఇప్పుడు, అందులో తింటూ వెంట్రుకలు ఏరిన సామెతలోనే ఎక్కువగా మిగిలింది.

సీనియరు చెప్పిన మార్గం ఉల్లిపాయ పొరల వంటిది. ఒంటిని అంటి ఉండే మొదటి పొర పలుచగా, చెమటను బయటికి పంపేదిగా ఉండాలి. అది సన్నని ఉన్నిదైనా, పాలియెస్టరుదైనా సరే, నూలుది మాత్రం కారాదు. రెండో పొర గాలిని పట్టి ఉంచేది. స్వెట్టరో, ఫ్లీసు అనే మెత్తని పాలియెస్టరు బట్టో ఆ పని చేస్తుంది. మూడోది గాలివేగాన్ని, తడిని ఆపే పైకోటు. మందపాటి కోటు ఒక్కటే ఉంటే చాలదా అని అడగవచ్చు. చాలదు. అక్కడ బయట సున్నాకు దిగువన ఇరవై ఉన్నప్పుడు లోపల సున్నాకు పైన ఇరవై ఉంటుంది. రోజుకు పదిసార్లు ఈ రెండు లోకాల నడుమ విద్యార్థి రాకపోకలు చేస్తాడు. తీయడానికి, వేయడానికి వీలులేని బట్ట వేసుకొన్నవాడు లోపల చెమటోడ్చి, బయట ఆ చెమటకే వణుకుతాడు.

పైకోటులో ఏమి నింపారన్నది ధరను నిర్ణయిస్తుంది. బాతుల, పెద్దబాతుల రొమ్ముమీది నూగు ఈకలు నింపినది తేలికగా ఉండి ఎంతో గాలిని పట్టుకొంటుంది. కానీ తడిస్తే ఉండలు కట్టి పనికిరాకుండా పోతుంది. పాలియెస్టరు నింపినది కొంచెం బరువు, ధర తక్కువ, తడిసినా కొంత వెచ్చదనం మిగుల్చుతుంది. గట్టి చలి ఉన్నచోట కురిసే మంచు పొడిగా ఉంటుంది కనుక అక్కడ ఈకల కోటు రాణిస్తుంది. వానా మంచూ కలిసి పడే ఊళ్లలో రెండోదే మేలు. ఊరు తెలియకుండా కోటు కొనరాదన్నది ఇందుకే. హైదరాబాదులో తోలుజాకెట్టు కొని తీసుకుపోయేవారు కొందరున్నారు. అది ఫొటోలకు బాగుంటుంది.

ఇక గాలి. ఉష్ణోగ్రత ఎంతన్నది సగం మాటే. గాలి వీస్తుంటే ఒంటిని అంటిపెట్టుకొన్న వెచ్చని పొర ఎగిరిపోతుంది. 1940 ప్రాంతంలో పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్ అనే ఇద్దరు అంటార్కిటికాలో చిన్న గొట్టాలలో నీరు నింపి, ఎంత గాలికి అది ఎంత త్వరగా గడ్డకడుతుందో కొలిచారు. గాలిని కలుపుకొని చలిని లెక్కించడం అక్కడ మొదలైంది. అమెరికా, కెనడాలు 2001లో ఆ లెక్కను సవరించి కొత్త సూత్రం తెచ్చాయి. ఆ లెక్కన చలి సున్నాకు దిగువన 28కి చేరితే, కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో గాలిని కలపకుండానే ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 33 డిగ్రీలకు పడింది. అది అరుదైన రోజు. అయినా జనవరి రాత్రులలో అక్కడి సగటు కనిష్ఠమే సున్నాకు దిగువన 13 ప్రాంతం. అందుకే ఆ నగరవాసులు నడిబొడ్డున ఉన్న భవనాలను రెండో అంతస్తు ఎత్తున గాజుగోడల వంతెనలతో కలిపారు. వాటి పొడవు పదిహేను కిలోమీటర్లకు చేరువ. విశ్వవిద్యాలయంలో భవనాల నడుమ సొరంగాలున్నాయి. పత్తిరైతు కొడుకు ఆ సొరంగాల పటాన్ని పాఠ్యపుస్తకం కంటే ముందుగా కంఠస్థం చేశాడు.

తల ద్వారానే ఒంటి వేడిలో సగం పోతుందన్న ప్రచారం చాలాకాలం ఉండేది. అది నిజం కాదు. తల విస్తీర్ణం ఎంతో, అక్కడి నుంచి పోయే వేడీ దాదాపు అంతే, సుమారు పదోవంతు. అంతమాత్రాన టోపీ వద్దని కాదు. చెవుల సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. చేతులకు అయిదువేళ్లూ విడివిడిగా ఉన్న తొడుగుల కంటే, నాలుగువేళ్లను కలిపి ఉంచే తొడుగులు వెచ్చన. వేళ్లు ఒకదానినొకటి కాచుకొంటాయి. బిగువు జోడులో రెండు జతల మేజోళ్లు తొడగడం అందరూ చేసే పొరపాటు. రక్తం ఆడక, నడుమ గాలికి చోటులేక పాదం మరింత చల్లబడుతుంది.

కోటు ఎక్కడ కొనాలన్న సమస్య సులువుగానే తీరింది. అమెరికా నగరాలలో వాడిన బట్టలను దానంగా స్వీకరించి తక్కువ ధరకు అమ్మే దుకాణాలుంటాయి. చదువు ముగించి వెచ్చని రాష్ట్రాలకు వెళ్లిపోయే సీనియర్లు తమ కోట్లను వదిలిపోతారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొత్త దుకాణాలు కూడా చలిబట్టల ధర తగ్గిస్తాయి. కానీ చెవులు అప్పటిదాకా ఆగవు. సీనియరు అతణ్ణి వాడిన బట్టల దుకాణానికి తీసుకుపోయాడు. ఈకలు నింపిన కోటు ఒకటి దొరికింది. తొడల దాకా పొడవు. తలను కప్పే ముసుగు ఉంది. మణికట్ల దగ్గర గాలి చొరకుండా బిగింపు ఉంది. జిప్పు సాఫీగా నడుస్తోంది. స్వెట్టరు మీద వేసుకొన్నా చంకల దగ్గర పట్టేయలేదు. ధర 35 డాలర్లు. అన్నీ కుదిరాయి, రంగే కుదరలేదు. నిగనిగలాడే వంకాయరంగు.

యువకుడు దాన్ని రెండుసార్లు తీశాడు, రెండుసార్లు తిరిగి పెట్టాడు. తరగతిలో ఏమనుకొంటారు? ఇంటివాళ్లు ఫొటోలో చూసి ఏమనుకొంటారు? నూటముప్ఫై ఏళ్ల కిందట రేవులో తెల్లబట్టలతో నిలిచిన యువకుణ్ణి పట్టుకొన్న సంకోచమే ఇది. సీనియరు నవ్వి, జనవరిలో ఈ ఊళ్లో కళ్లు తప్ప మరేమీ కనపడవని, ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఆ రంగు పనికివస్తుందని అన్నాడు. అతడన్నట్లే జరిగింది. డిసెంబరు నాటికి తరగతిలో అందరికీ దూరంనుంచి వంకాయరంగు కోటు తెలుసు. ఎవరూ నవ్వలేదు. అందరి దృష్టీ కాలు జారకుండా నడవడం మీదనే ఉంది.

సంక్రాంతికి కొద్దిరోజుల ముందు అతడు ఇంటికి వీడియో ఫోను చేశాడు. అక్కడ తండ్రి చేనిగట్టున ఉన్నాడు. చివరి ఏరుడు పత్తి వెనక కుప్పగా కనిపిస్తోంది. ఇక్కడ కిటికీ అవతల రాత్రి, మోకాలెత్తు మంచు. కోటు ఏదీ, చూపించమని తండ్రి అడిగాడు. అతడు తొడుక్కొని, తెరముందు అటూ ఇటూ తిరిగాడు.

"మంచిగుంది బిడ్డా. లోపల ఏం నింపిండ్రు?"

"బాతు ఈకలు, నాయినా."

తండ్రి కొంచెంసేపు మాట్లాడలేదు. వంగి వెనకనున్న కుప్పలోంచి ఒక గుప్పెడు పత్తి తీసి, పొంగు చూస్తున్నట్లు వేళ్లతో విప్పాడు.

"మన పత్తి పెట్టరా?"

"పొడిగుంటే మంచిదే నాయినా. తడిస్తేనే ఆగదు. ఇంట్ల మాత్రం అదే కట్టుకుంటున్న."

తల్లి ముఖం తెరమీదకు వచ్చింది. స్వెట్టరు వేసుకొంటున్నావా అని అడిగింది. హైదరాబాదులో చలికాలం వచ్చినప్పుడల్లా టిబెటన్లు పెట్టే అంగడిలో, బేరమాడి కొన్న స్వెట్టరు అది. అతడు వంకాయరంగు కోటు జిప్పును మెడనుంచి నడుముదాకా కిందికి లాగాడు.